రాకడ

వాన రాకడ ప్రాణం పోకడ ఎవరికెరుక
అనుకునే భాషలో పుట్టి
వాన రాకడ చెప్పే కొలువులో చేరాను.
మాంటానాలో గ్లాస్గో. మూడు వేల మంది ఊరు.
ఆకాశం మాత్రం ఎంత వాడినా మిగిలిపోయేంత.
ఆఫీసులో ఇచ్చిన మంచుబూట్లు ఎవరివో,
నాకు ఒక సైజు పెద్దవి.

తెల్లవారుజాము నాలుగింటికి
బెలూన్ షెడ్డులో డెల్ఫీన్ గ్యాసు వదులుతుంది.
ముడతలు పడ్డ రబ్బరు తిత్తి
నిద్రలేచి ఒళ్ళు విరుచుకున్నట్టు
నా ఎత్తు దాటి, తలుపు ఎత్తు దాటి.
దారం చివర తెల్లటి పెట్టె,
కాఫీ కప్పు పాటి బరువు.
"పరిగెత్తకు వకుళా. గాలి లాగినప్పుడు వదులు."
లాగింది. వదిలాను.
అరచేతిలో కాస్త తెల్లపొడి మిగిలింది.

పైకి పోయేకొద్దీ ఉబ్బి ఉబ్బి
ఇల్లంతై ఎక్కడో పగులుతుంది.
అందాకా క్షణక్షణం కబురు పంపుతూనే ఉంటుంది,
ఇక్కడ తడి, ఇక్కడ పొడి,
ఇదిగో ఇక్కడ సున్నా దాటాను అని.

"అంకెలు చదవడం సగం పనే," అంది డెల్ఫీన్.
"తక్కిన సగం మనుషులు."

ఆ సగం కోసం
వారానికో బడికి వెళ్ళేదాన్ని,
సీసాలో నీళ్ళు తిప్పి సుడిగాలి చూపించేదాన్ని.
హిన్స్‌డేల్‌లో ముందుపళ్ళు ఊడిన పిల్లాడు
"తప్పు చెప్తే మీ జీతం కోస్తారా?" అన్నాడు.
టీచరు కసిరింది. నేను నవ్వేశాను.
అది మార్చి.

ఏప్రిల్ పన్నెండు.
మోడళ్ళన్నీ ఒకే మాట మీదున్నాయి:
రెండంగుళాల మంచు, మధ్యాహ్నానికి కరిగేది.
తూర్పుగాలి మాత్రం మొండికేసింది.
తెల్లపెట్టె పంపిన అంకెల్లో ఒకటి
చెప్పులో రాయిలా గుచ్చుతూనే ఉంది.
కుర్చీ కొత్త. గొంతు కొత్త.
రెండంగుళాలనే రాశాను.

పదమూడు పడింది. అడ్డంగా, రాత్రంతా.

ఆర్విడ్ హాగెన్ ఫోన్ చేశాడు.
తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.
"పందొమ్మిది దూడలు," అన్నాడు.
"మొన్న పుట్టినవి. తెలిస్తే కొట్టంలోకి తోలేవాణ్ణి."
పెట్టేశాడు.
రాకడ నేను తప్పాను.
పోకడ ఆయన లెక్కపెట్టుకున్నాడు.

మే నెల. ఫైర్ స్టేషన్‌లో
మబ్బుల్ని గుర్తుపట్టే క్లాసు. మడత కుర్చీలు.
వెనక వరసలో, మోకాలి మీద టోపీ పెట్టుకుని, ఆయన.
నాలుగో స్లైడు దగ్గర నా నోరు ఆగిపోయింది.
"ఏప్రిల్ పన్నెండున రాసింది నేనే," అన్నాను.
"గాలి మీద నాకు అనుమానమొచ్చింది. మీకు చెప్పలేదు."
కాఫీ మిషను ఒక్కటే గురక పెడుతోంది.

"అనుమానానికి మీ దగ్గర మాట లేదా?" ఆయన అడిగాడు.
ఉంది. రంగులున్నాయి, శాతాలున్నాయి.
"ఆ రాత్రి అడిగుంటే
వందలో ముప్పై అనేదాన్ని."

టోపీ ఈ మోకాలి నుంచి ఆ మోకాలికి మార్చాడు.
"ముప్పైకి నేను తోలేవాణ్ణి."

మబ్బులో నీళ్ళు చూసి ముంత ఒలకబోసుకోవద్దన్నారు,
సరే.
ముంత పట్టుకున్నవాడికి
మబ్బు గురించి ఎంత చెప్పాలో, ఎప్పుడు చెప్పాలో
ఏ సామెతా నేర్పలేదు.
నాకు మొదటి పాఠం
పందొమ్మిది దూడల ఖరీదు.

పోతూ పోతూ బల్ల మీది వానకొలత గొట్టం తీసుకున్నాడు.
కంచెకి ఇటు పెట్టాలా అటు పెట్టాలా అన్నాడు.
క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు.

మర్నాడు ఏడింటికి ఆయన మొదటి రిపోర్టు:
సున్నా.
దాని కింద, అడగని గడిలో,
"పడమట ఏదో ఉంది. చూసుకో."

చూస్తున్నాను.
బూట్లలో రెండో జత మేజోళ్ళు తొడిగాను,
ఇప్పుడు కాస్త పడుతున్నాయి.
సాయంత్రం బెలూను తలుపు ఎత్తు దాటింది.
దారం చేతిలో ఉంది.
గాలి ఇంకా లాగలేదు.